విజిల్ పడేదాకా

కట్టంగూర్‌లో దశరథం పొద్దున్నే లేచి బోరింగు దగ్గర స్నానం చేసేవాడు. నుదుట విభూతి దిద్దుకుని, కీబోర్డు మీద కప్పిన పాత చీరముక్క తీసి మడతపెట్టేవాడు. ప్లగ్గు మాత్రం పెట్టేవాడు కాదు. కరెంటు లేని ఆ కీబోర్డు మెట్ల మీదే వేళ్లాడించి, ఒక భజన మొదటినుంచి చివరిదాకా వాయించేవాడు. ఇంట్లో వినిపించేది వేళ్ల టకటక ఒక్కటే.

గోడ అవతల సావిత్రమ్మ ఉంటుంది. దగ్గుతో రాత్రంతా కూర్చుని ఆ ముసలామె తెల్లవారేముందు కాస్త కునుకు తీస్తుంది. ఆ కునుకు చెడగొట్టే భజన ఏ దేవుడికీ పనికిరాదని దశరథం నమ్మకం.

"చప్పుడు లేని భజన ఎవలికయ్యా?" అని పెళ్లయిన కొత్తలో అమృతమ్మ అడిగింది.

"స్వామికి కరెంటెందుకే. ఆయనకు ఇనవడ్తది."

ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకూ వినపడడం మొదలైంది. పొయ్యి దగ్గర కూర్చునే, ఆ టకటకను బట్టి ఇది రాముడిది, ఇది చెరువుగట్టు రామలింగేశ్వరుడిది అని చెప్పేసేది. అందుకే ఆ ఆదివారం పొద్దున ఆమె టీ గ్లాసు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది భజన కాదు. పెండ్లిళ్లల్ల మీరు ఊకే కూసున్నప్పుడు వాయించుకునేది గదా."

దశరథం తల ఊపాడు.

"తిరిగి తిరిగి మొదటికే వస్తున్నవ్. ఎంతసేపు తిప్పుతవ్, గానుగెద్దు లెక్క?"

అతను వేళ్లు ఎత్తేశాడు. లేచినప్పటినుంచి అతనిలో మెదులుతున్న భయం అదే. దాన్ని ఆమె ఒక్క మాటలో బయట పెట్టేసింది.

* * *

దశరథం తండ్రి బాలయ్య కూలి పని చేసేవాడు, శనివారాలు భజనలో కూర్చునేవాడు. ఆ భజనలోనే దశరథానికి హార్మోనియం అబ్బింది. బడి ఏడో తరగతితో ఆగినా చెయ్యి ఆగలేదు. ఊళ్లో విఘ్నేశ్వర బ్యాండు నడిపే పరశురాములు ఒక శనివారం భజన గుమ్మంలో నిలబడి చివరిదాకా విని, మర్నాడు పొద్దున్నే ఇంటికొచ్చాడు. "హార్మోనియం ఊరేగింపుల ఇనవడది. నీకు క్యాసియో కీబోర్డు తెప్పిస్త, వస్తవా?" అన్నాడు. అందరూ ఆయన్ని మాస్టర్ అనే పిలుస్తారు. ఎర్రకోటు, మెడలో తాడుకు వేలాడే ఇత్తడి విజిల్. ఆ విజిల్ ఒకసారి మోగితే మొదలుపెట్టాలి, మళ్లీ మోగితే ఆపాలి. బ్యాండులో చదువంతా అంతే.

తెలంగాణ వచ్చిన రోజున హైవే మీద ఆ బ్యాండు మనుషులు ఇరవై రెండు మంది పెదాలు వాచేదాకా వాయించారు. ముందు ట్రంపెట్లు, పక్కన క్లారినెట్లు, వెనక డ్రమ్ములు, నడుమ నాలుగు చక్రాల బండి మీద దశరథం. నిజం చెప్పాలంటే ఆ హోరులో అతని వాయిద్యం అతనికే వినపడేది కాదు. డోలక్ వాయించే సోమన్న ఏడిపించేవాడు.

"దశరథన్నా, నువ్వు వాయించినా వాయించకున్నా ఒకటే. ఊకె వేళ్లాడియ్యి, పెండ్లికి కళ వస్తది."

"నీ డోలు సంగతేందిరా మరి?"

"నాది ఇనవడకున్నా కడుపుల తగుల్తది."

దశరథం చెయ్యి వినపడేది ఎదురుచూపుల్లోనే. పెళ్లి బ్యాండు బతుకులో సగం ఎదురుచూపే. పెళ్లికొడుకు గడ్డం గీసుకోవడం పూర్తి కావాలి. గుర్రం రావాలి. అలిగిన మేనమామ దిగి రావాలి. అంతసేపూ ట్రంపెట్ల వాళ్లు అరుగు మీద కూర్చుని గొట్టాల్లోని నీళ్లు దులుపుకునేవాళ్లు. దశరథం సౌండు తగ్గించి, మెల్లగా ఏదో అల్లేవాడు. కాసేపటికి బీరన్న కళ్లు మూసుకుని క్లారినెట్ అందుకునేవాడు. సోమన్న డోలక్ అంచు మీద రెండు వేళ్లతో తట్టేవాడు. ఆ ముగ్గురి వాయిద్యానికి వంటింట్లో ఆడవాళ్ల మాటలు తగ్గేవి. ఏ ఇంటి అవ్వో లోపలినుంచి టీ పంపేది. అలా పుట్టిన పాటలకు వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. గుర్రం రాలే. గడ్డం పాట. వాన వెలిసేదాకా. అప్పగింతల కాడ.

నెల క్రితం ఓ పెళ్లింట్లో 'వాన వెలిసేదాకా' పాట వాయిస్తుంటే, గోరింటాకు చేతులతో ఒక అమ్మాయి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. పేరు సుచరిత. పెళ్లికూతురికి చెల్లెలు. భువనగిరిలో పల్లెపాటలు రికార్డు చేసే చిన్న స్టూడియో ఆమెదే.

"కాకా, గివి ఎవలి పాటలు?"

"ఎవలివీ కావు బిడ్డా. పెండ్లికొడుకు లేటైతే మావి."

ఆమె నవ్వి, పై దేశాల సంగతి చెప్పింది. అక్కడ పెద్ద పెద్ద బ్యాండుల్లో పియానో వాయించే ఆయన, అప్పుడప్పుడు ముగ్గురు నలుగురిని తీసుకుని, చిన్న గుంపుగా ఒక ఆల్బం చేస్తాడట. దాన్ని జాజ్ అంటారట. పెద్ద బ్యాండులో మునిగిపోయిన చెయ్యి ఆ చిన్న గుంపులో తేలుతుందట. "మీరు చేసేది గదే గదా కాకా. ఒకరోజు మా స్టూడియోకి రాండ్రి. నేను తీస్త."

దశరథం నవ్వి ఊరుకునేవాడే. ఊరుకోనివ్వనిది బీరన్న నోరు.

బీరన్నకు అరవై దాటాయి. పదేళ్లుగా షుగరు. పై వరస పళ్లు కదులుతున్నాయి, చిగుళ్లు చీము పట్టాయి. క్లారినెట్ మూతి ఆనేది ఆ పై పళ్ల కిందనే. నల్గొండ పెద్ద దవాఖానలో పళ్ల డాక్టరు రెండుసార్లు చూసి మందులిచ్చాడు, మూడోసారి ఇక ఆగనన్నాడు. సోమవారం వస్తే పై వరస ముందు పళ్లన్నీ తీసేస్తామని, ఇంకా జాగు చేస్తే చీము దవడ ఎముకకు పాకుతుందని గట్టిగా చెప్పాడు. తర్వాత పెట్టుడు పళ్లు పెట్టొచ్చు. వాటితో క్లారినెట్ మోగితే మోగవచ్చు. కానీ ఆ పలుకు ఉండదు. నలభై ఏళ్లుగా ఇంకెవరి నోట్లోంచీ రాని ఆ పలుకు, కాస్త గరుకుగా, దగ్గరివాళ్లు చెవిలో చెప్పే మాటలా ఉండే ఆ పలుకు సోమవారంతో పోతుంది.

"పోతే పోనీరా. దేవుడు ఇచ్చిండు, దేవుడు తీస్కుంటుండు," అన్నాడు బీరన్న.

"ఒక్కరోజు మనకిచ్చి తీస్కోమందం అన్నా," అన్నాడు దశరథం.

అప్పుడు మూఢం నడుస్తోంది, పెళ్లిళ్లు లేవు. సుచరిత ఆదివారం సాయంత్రం దాకా గది ఖాళీగా ఉంచుతానంది. అన్నీ కుదిరాయి. ఒక్క మాస్టర్‌కు చెప్పడమే కుదరలేదు.

చెప్పలేకపోవడానికి కారణం ఉంది. కరోనాకు ముందు ఏడాది, ట్రంపెట్ వాయించే ఒకతను ఏడుగురిని కూడగట్టి, రహస్యంగా వాయించుకుని, రికార్డు చేసుకుని, ఒక పెళ్లిరోజు పొద్దున వేరే బ్యాండుగా విడిపోయాడు. ఆ రోజు నకిరేకల్ పెళ్లింటికి మాస్టర్ మిగిలిన కొద్దిమందితోనే వెళ్లాడు. పెళ్లివాళ్లు నలుగురిలో ఆయన్ని నానా మాటలన్నారు. ఆయన తలొంచుకుని విజిల్ వేసి నడిచాడు. ఆ తర్వాత ఒకే ఒక మాట అన్నాడు, అదీ అరవకుండా. "బయట కూడి వాయించినోడు మళ్ల నా విజిల్ కింద నడువొద్దు."

డీజేలు వచ్చి బ్యాండులను మింగేస్తున్న కాలం. ఈ బ్యాండు కూడా పోతే ముగ్గురికీ ఇంకో దారి లేదు. అయినా దశరథం చెప్పడానికి రెండుసార్లు వెళ్లాడు. మొదటిసారి మాస్టర్ ఇంట్లో లేడు. రెండోసారి ఉన్నాడు, వాకిట్లో ఎర్రకోట్లు ఎండేస్తున్నాడు. దశరథాన్ని చూసి, "రా కూసో. అందరు పోయినా నువ్వున్నవని నాకొక ధైర్యం," అన్నాడు. ఆ మాట విన్నాక దశరథం నోరు పెగల్లేదు. కోట్లు ఎండేయడంలో చెయ్యి కలిపి వచ్చేశాడు.

అంతలో శనివారం మాస్టర్ సోమన్నకు ఫోన్ చేశాడు. మర్నాడు నకిరేకల్‌లో ఏదో ర్యాలీ ఉంది, రమ్మన్నాడు. సోమన్న తడుముకోలేదు. బీరన్న పళ్లు తీస్తున్నారని, రేపే నల్గొండ దవాఖానకు తీసుకుపోతున్నామని చెప్పేశాడు.

"పోండ్రి పోండ్రి. ర్యాలీ నేను సూసుకుంట," అన్నాడట మాస్టర్.

"ఎట్లుంది?" అని సోమన్న కాలర్ ఎగరేశాడు.

"దవాఖాన పేరు మీద అబద్ధం మంచిగ లేదురా," అన్నాడు దశరథం.

"ఒక్కరోజు తేడా అన్నా. సోమవారం కాకుంట ఆదివారమన్న, గంతే గదా."

ఆ ఒక్కరోజు తేడాలోనే అసలు తప్పు ఉందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పెళ్లి బ్యాండు వాళ్లకు ముహూర్తం తెలుస్తుంది, మూఢం తెలుస్తుంది, అమావాస్య తెలుస్తుంది. ఆదివారం సెలవని తెలియదు.

* * *

సుచరిత స్టూడియో భువనగిరిలో ఒక ఇనుప సామాన్ల దుకాణం పైన ఉంది. మెట్లెక్కుతుంటే కిటికీలోంచి గుట్ట నల్లగా, నున్నగా కనిపించింది. బీరన్న దానికి దండం పెట్టుకున్నాడు. గది గోడలకు దుప్పట్లు బిగించి ఉన్నాయి. అద్దం అవతల సుచరిత మిషన్ ముందు కూర్చుంది. బీరన్న ఉప్పునీళ్లు పుక్కిలించి, కొత్త కండువా భుజాన వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

మొదట 'గుర్రం రాలే' పాట. దశరథం రెండు చుట్లు ఒక్కడే వాయించాడు. మూడో చుట్టులో క్లారినెట్ వచ్చింది. దశరథం ఇన్నేళ్లూ పక్కన కూర్చుని విన్నా, ఇంత దగ్గరగా, ఊపిరి తీసుకోవడం కూడా వినపడేలా ఎన్నడూ వినలేదు. సోమన్న వేళ్లు మెత్తగా వచ్చి చేరాయి. గాజు అవతల సుచరిత బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది.

పాట ఒక చుట్టు తిరిగింది. మళ్లీ తిరిగింది. మళ్లీ.

దశరథం బీరన్న వైపు చూశాడు. బీరన్న కళ్లు మూసే ఉన్నాయి. సోమన్న దశరథం వైపు చూశాడు. ఎవరూ ఆపలేదు. పాట తిరుగుతూనే ఉంది. చివరికి సుచరిత గాజు మీద వేలితో కొట్టింది.

"కాకా, మస్తుంది. కానీ యాడ ఆపుతరు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. సోమన్న ముందు నవ్వాడు, తర్వాత బీరన్న నవ్వాడు. దశరథానికి నవ్వు రాలేదు. పొద్దున అమృతమ్మ అన్న గానుగెద్దు మాట గుర్తొచ్చింది. ఆ పాటలకు చివర లేదు. అవి పెళ్లికొడుకు వచ్చేదాకా వాయించే పాటలు. పెళ్లికొడుకు వస్తాడు, విజిల్ పడుతుంది, పాట అక్కడే తెగిపోతుంది, బ్యాండు లేచి ఊరేగింపు అందుకుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తమంతట తాము ఆపింది లేదు.

"నేను తల ఊపుత. అప్పుడు ఆపుండ్రి," అన్నాడు.

తల ఊపాడు. సోమన్న ఆపాడు. బీరన్న కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. పక్కన డోలక్ లేదన్న సంగతి తెలిసి, కలవరపడి, నడుమలో తుంచేశాడు.

మళ్లీ వాయించారు. ఈసారి సోమన్న ముందే లెక్క వేసుకుని చివర్లో గట్టిగా ఒక దెబ్బ వేశాడు. సుచరిత తిరిగి వినిపించింది. వచ్చిన చుట్టం మొహాన తలుపు వేసినట్టుంది.

"ఇది మనది కాదురా," అన్నాడు బీరన్న. "ఎవల్నో ఎల్లగొట్టినట్టుంది."

అతను కండువా అంచుతో పెదవి తుడుచుకున్నాడు. దశరథం అప్పుడు చూశాడు, కండువా మీద ఎర్రటి మరక. క్లారినెట్ మూతి మీదా ఉంది. బీరన్న ఆ కండువాను మడిచి, మరక లోపలికి పోయేట్టు పెట్టుకున్నాడు.

"అన్నా, ఇగ చాలు."

"ఊకో. గడ్డం పాట, వాన పాట ఉండనే ఉన్నయ్. ఒక్కటన్న సక్కగ కాకుంట నేను పండ్లు తీపిచ్చుకోను."

సుచరిత కిందికి వెళ్లి, టీ కొట్టు నుంచి స్టీలు గ్లాసులో ఐసు ముక్కలు తెచ్చింది. తన డబ్బాలోని పెరుగన్నం తీసి, అన్నం వేళ్లతో మెత్తగా పిసికి బీరన్న ముందు పెట్టింది. ఆమె ఆ పూట ఏం తిన్నదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అతను తింటుండగా ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. "కాకా, మీరు ఆపకుండ్రి. నేనే సౌండు మెల్లమెల్లగ తగ్గిచ్చి బంద్ చేస్త. అందరు గట్లనే చేస్తరు." చేసి వినిపించింది. క్లారినెట్ సన్నగా, ఇంకా సన్నగా అయింది, ఊరి బయటికి పోతున్నట్టయింది, పోయింది.

దశరథం చెయ్యి అడ్డంగా ఊపాడు. "వద్దు బిడ్డా. బీరన్న మమ్ముల ఇడిసి పోతున్నట్టుంది. గిట్ల ఉంచకు."

సోమన్న, "నేనేస్త విజిల్, వాయించుండ్రి," అని రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని సిద్ధమయ్యాడు. వాయించారు. సోమన్న విజిల్ వేశాడు. బీరన్న ఉలిక్కిపడ్డాడు. ఊపిరి ఎదురు తన్ని దగ్గొచ్చింది, దగ్గుతో నోట్లోంచి రక్తం వచ్చింది. సోమన్న అతని వీపు రాశాడు.

"నీది కాదురా తప్పు," అన్నాడు బీరన్న, ఐసు ముక్క చప్పరిస్తూ. "మాస్టర్ విజిలైతే నాకు తెలుస్తది. పడేముందే తెలుస్తది. ఊపిరి దింపుతుంటెనే పడ్తది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు నా ఊపిరి నడుమల పడలే."

దశరథం వేళ్లు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

చిట్యాల పెళ్లి గుర్తొచ్చింది. పెళ్లికొడుకు గుమ్మంలోకి వచ్చేశాడు. అతని మేనమామ, "ఏందయ్యా, విజిలెయ్యవేంది, ముహూర్తం పోతాంది," అని అరుస్తున్నాడు. మాస్టర్ నోట్లో విజిల్ ఉంది. ఊదడం లేదు. చూపు పెళ్లికొడుకు మీద లేదు, కళ్లు మూసుకున్న బీరన్న మీద ఉంది. తిట్లు తింటూ అలాగే నిలబడ్డాడు. బీరన్న పాట కిందికి దిగి, ఊపిరి నేలకు ఆనాకనే విజిల్ పడింది. అప్పుడు దశరథం, మాస్టర్‌కు చెవులు మందగిస్తున్నాయేమో అనుకున్నాడు. ఒక్క చిట్యాలలోనే కాదు. ప్రతి పెళ్లిలో, ప్రతి వాకిట్లో అదే జరిగింది. ఆ పాటలు ముగ్గురివని వాళ్లనుకున్నారు. నాలుగో మనిషి ఎప్పుడూ వాకిట్లో నిలబడే ఉన్నాడు. అతనికి అబద్ధం చెప్పి వాళ్లిక్కడికి వచ్చారు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. మాస్టర్. దశరథం చూస్తుండగానే మోగి మోగి ఆగింది. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి అమృతమ్మ.

"ఏమయ్యా, మాస్టర్ మనింటికొచ్చిండు. ర్యాలీని డ్రమ్ముల ఎల్లస్వామికి అప్పజెప్పిండట. బీరన్న నమలలేడని రాగిజావ కాపిచ్చుకొని నల్గొండ దవాఖానకు పోతున్న అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? నాకు అబద్ధం నోట్లకెళ్లి రాలే, నిజం నోట్లకెళ్లి రాలే. జావ చిక్కగుందని జర మజ్జిగ కలిపిచ్చిన. బస్సెక్కి చానసేపైంది. ఈపాటికి దిగే ఉంటడు. ఫోన్ ఎత్తు. ఆయన్ను గట్ల తిప్పకు."

దశరథం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా గుట్ట ఎండలో మెరుస్తోంది. స్వామీ అనుకున్నాడు. వెనక సోమన్న వచ్చాడు.

"ఎత్తకన్నా. రేపు నిజంగనే దవాఖానకు పోతం గదా. రేపు సెప్పుదం. ఇప్పుడు సెప్తే మన ముగ్గురికి ఆ కోటు లేదు ఇగ."

ఫోన్ మోగింది. దశరథం ఎత్తాడు.

"దశరథం, ఏడున్నరు?" మాస్టర్ రొప్పుతున్నాడు. వెనక బస్సుల హారన్లు. "పండ్ల డాక్టరు ఆదివారం రాడంట గదా. గేటు కాడ వాచ్‌మన్ నన్ను జూసి నవ్వుతుండు. ఎమర్జెన్సీల సూసిన. మంచాలన్ని సూసిన, ఆడోళ్ల వార్డుల గూడ తొంగి సూసి తిట్లు తిన్న. యాడ లేరు. ఫోన్ ఎత్తరు." గొంతు తగ్గింది. "బీరన్నకు ఏమన్న అయిందా? షుగరున్న మనిషి. నా తాన దాచకు. అయితే అయిందని సెప్పు. నేను నిలవడ్తనే ఉన్న."

అబద్ధం ఇంకో మెట్టు ఎక్కించడానికి అదే సమయం. వేరే దవాఖానలో ఉన్నామంటే సరిపోయేది. సోమన్న కళ్లతో అదే చెప్పమంటున్నాడు. కానీ అటు వైపు ఒక మనిషి చేతిలో జావ పట్టుకుని, చావు కబురు వినడానికి సిద్ధపడి నిలబడి ఉన్నాడు.

"బీరన్న మంచిగున్నడు మాస్టర్. పండ్లు రేపు తీస్తరు. మేం దవాఖానకు రాలే. భువనగిరిల ఉన్నం. స్టూడియోల. ఎదురుసూపుల కాడ వాయించేటియి రికార్డు చేస్తున్నం. రేపట్నుంచి ఆ క్లారినెట్ ఉండదని."

మాస్టర్ ఒక్క మాటే అడిగాడు.

"ఎవలెవలు?"

"నేను, బీరన్న, సోమన్న."

"నువ్వు గూడ."

ప్రశ్న కాదు అది. దశరథం గోడకు ఆనుకున్నాడు.

"నేను గూడ మాస్టర్. నేనే తీస్కొచ్చిన. వాళ్ల తప్పు లేదు. రెండుసార్లు సెప్పుదమని వచ్చిన, నోరు రాలే. మీరు వద్దంటే రేపట్నుంచి బండి ఎక్క."

"సరే. మంచిది." అన్నాడు మాస్టర్. "జావ సల్లారుతాంది. ఈడ ఎవలకన్న పోస్త. పెడ్తున్న."

"పెట్టకు మాస్టర్."

ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే గదిలోంచి సుచరిత బయటికి తొంగి చూసింది. బీరన్న కూడా లేచి వచ్చాడు, ఒక చేతిలో క్లారినెట్, ఇంకో చేత్తో నోటికి కండువా అదిమి. దశరథం ఆ మొహం చూశాడు. ఇంకొక్క పాటకే ఉంది ఆ నోట్లో బలం. అదీ ఉందో లేదో.

"మాస్టర్, పొద్దుటిసంది వాయిస్తున్నం. ఒక్క పాట ఆగుతలేదు. యాడ ఆపాల్నో మాకు తెల్వదు. తల ఊపితే ఆగలే, దెబ్బేస్తే ఆగలే. సోమన్న విజిలేస్తే బీరన్నకు నోట్లకెళ్లి రక్తమొచ్చింది. మీరెట్ల ఆపేటోళ్లో ఇయ్యాలనే తెలిసింది నాకు. చిట్యాలల ఆ మేనమామ తిట్టంగ మీరెందుకు ఊదలేదో ఇయ్యాల తెలిసింది."

మాస్టర్ ఫోన్ పెట్టలేదు.

దశరథం ఫోన్‌ను సుచరిత చేతిలో పెట్టాడు. గాజు అవతల కూర్చుని, వాయిద్యం ఫోన్లోకి పోయేట్టు పట్టుకొమ్మని, అందులోంచి విజిల్ వినపడగానే చెయ్యెత్తమని చెప్పాడు. ఆమె తల ఊపింది. సోమన్న వెళ్లి డోలక్ ముందు కూర్చున్నాడు. బీరన్న నీళ్లు పుక్కిలించి, పెదవి తడుపుకుని, ఈసారి కళ్లు మూసుకోకుండా గాజు వైపు తిరిగి కూర్చున్నాడు.

దశరథం ఇంకోసారి సుచరిత చేతిలోని ఫోన్ దగ్గరికి వంగాడు.

"మాస్టర్, మీ విజిల్ మెడల్నే ఉంటదని నాకెరుక. మళ్ల మమ్ముల బండి ఎక్కనిస్తరా లేదా, అది మీ ఇష్టం, నేనడుగ. ఇదొక్కటే అడుగుతున్న. 'వాన వెలిసేదాకా' పాట వాయిస్తున్నం. ఆ గేటు కాడనే జర నిలవడి ఇనుండ్రి. బీరన్న ఊపిరి దిగిన కాడ, మీకు చాలనిపించిన కాడ, ఒక్కసారి విజిలెయ్యుండ్రి."